గరికపాడు దాటిన సంగతి

ఉషశ్రీ ఏం ఉద్యోగం చేస్తోందో నందిగామలో ఆమె అద్దెకున్న వీధిలో ఎవరికీ సరిగ్గా తెలియదు. పొద్దున్నే స్నానం చేసి, తల దువ్వుకుని, బయటికి వెళ్ళేదానిలాగే తయారై, మేడ మీది గదిలో కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుంటుంది. పొద్దు వాలేదాకా అక్కడే. కింద వాటాలో ఉండే ఇంటావిడ దుర్గాంబకి ఇది మింగుడుపడని సంగతి. నలభై దాటిన ఉషశ్రీ ఆవిడ లెక్కలో ఇంకా పిల్లే. ఒకరోజు బట్టలు ఆరెయ్యడానికి మేడ మీదికి వచ్చి, తలుపు దగ్గర నిలబడి అడిగేసింది.

"ఉద్యోగమంటావు, గడప దాటవు. ఆఫీసంటావు, ఒక్క మనిషీ రాడు. లోపల కూర్చుని ఏం చేస్తావే ఉషమ్మా?"

"మిషన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి కదా పిన్నిగారూ. ఆ మాటలు సరిగ్గా అందుతున్నాయో లేదో చూస్తుంటా."

"పోనీలే, వాటికైనా మాట్లాడేందుకు ఒకరున్నారు," అని దుర్గాంబ తడి చీర దులిపి తీగ మీద వేసుకుంది.

ఉషశ్రీది జగ్గయ్యపేట. ఎం.సి.ఏ. చదివి హైదరాబాదులో ఉద్యోగంలో చేరి, సగం వయసు లేడీస్ హాస్టళ్ళలోనే గడిపింది. సంబంధాలు వచ్చినన్నాళ్ళు వచ్చాయి, తర్వాత మానేశాయి. ఎప్పుడు మానేశాయో ఆమె కూడా గమనించలేదు. కరోనా రోజుల్లో ఆఫీసు ఇంటికి వచ్చేసింది, మళ్ళీ తిరిగి వెళ్ళలేదు. కంపెనీ ఉన్న అంతస్తు ఖాళీ చేసి, ఎక్కడివాళ్ళు అక్కడే ఉండి పని చేసుకోమంది. జగ్గయ్యపేట ఇల్లు అప్పటికే అన్నలు అమ్మేశారు. సొంత ఊళ్ళో అద్దెకు దిగితే వంద ప్రశ్నలు. హాస్టళ్ళంటే మొహం మొత్తింది. నందిగామలో బస్సులున్నాయి, నీళ్ళొస్తాయి, తెలిసినవాళ్ళెవరూ లేరు. అందుకని అక్కడ ఉండిపోయింది.

కంపెనీ చేసేది లారీల సాఫ్ట్‌వేరు. లారీ ఎక్కడుంది, సరుకు దిగిందా, బిల్లు పడిందా, ఇవన్నీ లారీ యజమానులకు కూర్చున్నచోట చూపించే ఏర్పాటు. ఉషశ్రీ చేరిన కొత్తల్లో అందులో ఒక ప్రోగ్రాము ఇంకోదాన్ని పిలిచి, జవాబు వచ్చేదాకా వాకిట్లో నిలబడేది. బిల్లు వేసేది మొరాయిస్తే, దాన్ని పిలిచిన పాపానికి లారీని కనిపెట్టేది కూడా మొరాయించేది. ఒక దసరాకి ముందు అన్నీ కలిసి పడకేశాయి. రోడ్ల మీది లారీలు ఎక్కడున్నాయో ఏ యజమానికీ తెలియలేదు. మర్నాడు మీటింగులో పెద్దవాళ్ళంతా తలలు పట్టుకుని కూర్చుంటే, మామూలుగా నోరు విప్పని ఉషశ్రీ మిస్డ్ కాల్ సంగతి చెప్పింది.

అది వాళ్ళ వైపు అలవాటు. ఆమె చదువుకునే రోజుల్లో వాళ్ళ సందులో సగం ఇళ్ళు లారీ డ్రైవర్లవే. హైదరాబాదు వైపు నుంచి వచ్చే డ్రైవరు గరికపాడు చెక్‌పోస్టు దాటగానే ఇంటికి ఒక మిస్డ్ కాల్ ఇచ్చేవాడు. ఇంట్లో ఎవరూ ఫోను ఎత్తరు. మోగి ఆగిపోతే బియ్యం కడిగి పొయ్యి మీద పెడతారు. అన్నం ఉడికేసరికి మనిషి గుమ్మంలో ఉంటాడు. పక్కింటి కొత్త కోడలు ఒకసారి తెలియక ఫోనెత్తి హలో అన్నందుకు వాళ్ళత్త చాన్నాళ్ళు దెప్పింది, మాట్లాడాలనుంటే ఇంటికే వస్తాడు కదా అని.

"అలా చేద్దామండీ," అంది ఉషశ్రీ. "ఎవర్నీ పిలిచి నిలబడొద్దు. జరిగింది చెప్పేసి ఎవరి పని వాళ్ళు చూసుకుందాం. కావలసినవాళ్ళు వింటారు."

అలాగే చేశారు. పెద్ద ప్రోగ్రామును ముక్కలు చేసి ఒక్కో పనికి ఒక్కో సర్వీసు పెట్టారు. ఏ సర్వీసైనా తన దగ్గర జరిగిన సంగతిని ఒక ఉమ్మడి చోట చెప్పేసి పోతుంది. కావలసిన సర్వీసు అక్కడినుంచి తీసుకుంటుంది. చెప్పినదానికి విన్నదెవరో తెలియదు. వినేది నిద్రపోయినా చెప్పేది ఆగదు. ఈ పద్ధతి ఎందుకు మంచిదో కొత్తగా చేరేవాళ్ళ కోసం ఉషశ్రీయే రాసిపెట్టింది. వినేవాళ్ళ గురించి చెప్పేవాళ్ళు పట్టించుకోనక్కర్లేదు, అన్న మాటతో మొదలవుతుంది అది.

ఆ ఊపులో ఆమె ఒక చిన్న సర్వీసు తనంతట తానే కట్టింది. డ్రైవరు ఇంటి నంబరు ఇస్తే చాలు, అతని లారీ ఇటు వస్తూ గరికపాడు దాటగానే ఆ ఇంటికి తెలుగులో ఒక మెసేజి వెళ్తుంది. ఫలానా గారు గరికపాడు దాటారు, అని. అంతే. ఆమె ఇన్నేళ్ళలో రాసినదాంట్లో తెలుగు వాక్యం అదొక్కటే. ఆ చుట్టుపక్కల డ్రైవర్లు చాలామంది నంబర్లు ఇచ్చారు. తర్వాత చేతిచేతికీ స్మార్టు ఫోన్లు వచ్చాయి, వాట్సాప్‌లో మనిషి ఎక్కడున్నాడో బొమ్మే కనిపిస్తుంటే ఈ మెసేజి ఎందుకని ఒక్కొక్కరే నంబర్లు తీసేయించుకున్నారు. సర్వీసు మాత్రం నడుస్తూనే ఉంది. దాని మీద తిట్లూ రాలేదు, మెప్పులూ రాలేదు. వినేవాళ్ళుంటే విన్నారు, లేకపోతే లేదు. ఎవరున్నారని ఉషశ్రీ ఎప్పుడూ చూడలేదు. చూడనక్కర్లేని విధంగానే కదా కట్టింది.

ఈ ఏడు కంపెనీ అంతటినీ కొత్త ఏర్పాటులోకి మారుస్తోంది. టీముకి పెద్ద నవీన్‌బాబు. వయసులో ఆమెకంటే చిన్నవాడు, మర్యాదస్తుడు, వృథా అంటే గిట్టదు. ఒక గురువారం మీటింగులో, ఎవరు కట్టిన సర్వీసుకి వినేవాళ్ళెవరున్నారో వాళ్ళే తేల్చి చెప్పాలనీ, ఎవరూ లేనివాటిని సోమవారం మూసేస్తామనీ చెప్పాడు. ఉషశ్రీ తన గరికపాడు సర్వీసు తెరిచి చూసింది.

ఒక్క నంబరుంది. జగ్గయ్యపేట చిరునామా. డ్రైవరు పేరు అన్సార్, ఇంటి మనిషి పేరు హఫీజున్నీసా. అంతకు ముందు మంగళవారమే మెసేజి వెళ్ళింది, అందింది, తెరిచి చదివినట్టు గుర్తు కూడా ఉంది.

ఒక్కరున్నారు. ఉషశ్రీ లేచి, వేళ కాని వేళ కాఫీ పెట్టుకుంది. కిటికీ దగ్గర నిలబడి తాగింది. ఇన్నేళ్ళుగా తను చెబుతున్న మాటని ఒక మనిషి కూర్చుని చదువుతోందన్నది ఆమెకి కాసేపు నమ్మబుద్ధి కాలేదు.

కొత్త ఏర్పాటులోకి మారడమంటే, ఇన్నేళ్ళ పాత సంగతులన్నిటినీ మొదటి నుంచి వరసగా మళ్ళీ నడిపించాలి. అప్పుడు ఎక్కడి లెక్క అక్కడ కుదురుతుంది. శుక్రవారం ఆమె తన సర్వీసు వరకూ నడిపి చూసుకుంది. చివరికి మిగిలిన నంబర్లు సున్నా. ఎక్కడో తప్పు చేశాననుకుని మళ్ళీ నడిపింది. మళ్ళీ సున్నా. మెల్లగా వెనక్కి తవ్వుకుంటూ పోతే దొరికింది. రెండేళ్ళ కిందట అన్సార్ తన ఇంటి నంబరు తీసేయమని ఫోను యాప్‌లో అడిగాడు. యాపు ఆ సంగతిని పద్ధతి ప్రకారం ఉమ్మడి చోట చెప్పేసింది. సరిగ్గా ఆ పూట ఇంటి నంబర్ల సర్వీసు మరమ్మతులో ఉంది. తీసుకునేవాళ్ళు లేక ఆ మాట కొన్నిసార్లు తలుపు తట్టి, చివరికి అందని మాటలన్నీ పడి ఉండే మూలన పడింది. ఆ మూల చూడటం ఎవరి పనో ఎవరూ అనుకోలేదు. అంతా విడివిడిగా పంచుకున్నాక మధ్యలో మిగిలిన ఖాళీ ఎవరిదీ కాకుండా పోయింది.

తీసేయమన్న నంబరుకి రెండేళ్ళుగా మెసేజి వెళ్తోంది. సోమవారం పాత సంగతులు నడిచినప్పుడు ఆ మాట కూడా తన వంతుకి వస్తుంది, ఈసారి అందుతుంది, ఇక ఆ ఇంటికి ఏమీ వెళ్ళదు.

నవీన్‌బాబుకి ఫోను చేసి చెప్పింది. పాత తప్పు దానంతటదే సర్దుకుంటోందని అతను సంతోషించాడు. ఆ ఇంటివాళ్ళకి మనం ముందుగా చెప్పాలా అని ఆమె అడిగితే, తీసేయమన్నది ఆ డ్రైవరే కదా, ఇంకెవరికి చెప్తామన్నాడు.

"వినేవాళ్ళకి," అంది.

"వినేవాళ్ళతో మనకి పని లేదని రాసింది మీరే కదా మేడమ్," అని నవ్వాడు. వెక్కిరింత కాదు. ఆ మాట అతను చేరిన కొత్తల్లో బట్టీ పట్టినట్టు చదువుకున్నాడు.

ఫోను పెట్టేశాక కూడా ఆమెకి మనసు కుదుటపడలేదు. మిస్డ్ కాల్ రాని రోజుల్లో పక్కింటావిడ మొహం ఎలా ఉండేదో ఆమె చూసింది. కడిగిన బియ్యం గిన్నె ఒళ్ళో పెట్టుకుని వీధి వైపు చూస్తూ కూర్చునేది. ఛార్జింగు లేదో, టవరు దొరకలేదో, లారీ పల్టీ కొట్టిందో, మోగని ఫోను ఏదీ చెప్పదు. ఈ హఫీజున్నీసా ఎవరో, సోమవారం తర్వాత ఎన్నాళ్ళని ఏమనుకుంటూ కూర్చుంటుందో.

శనివారం పొద్దున జగ్గయ్యపేట బస్సెక్కింది. ఇల్లు అమ్మాక ఆ ఊరికి వెళ్ళడం అదే మొదటిసారి. బస్సు చిల్లకల్లు దగ్గర హైవే దిగి మలుపు తిరిగినప్పుడు, ఎవరైనా పలకరిస్తారేమోనని తల కిటికీ వైపు తిప్పుకుంది. ఎవరూ పలకరించలేదు.

మసీదు వెనక సందులో ఇల్లు. ముందు గదిలోనే కుట్టు మిషను, గోడకి కొట్టిన మేకులకి కుట్టిన జాకెట్లు. మిషను ముందు తెల్లటి బక్కపల్చటి మనిషి, తన వయసే ఉంటుంది. లారీల కంపెనీకి కంప్యూటరు పని చేసేచోట నుంచి వచ్చానని ఉషశ్రీ అనగానే, చక్రం మీద ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఏమైంది ఆయనకి?"

ఏమీ కాలేదని, మెసేజిల గురించి అడగడానికి వచ్చానని ఉషశ్రీ గబగబా చెప్పింది. హఫీజున్నీసా చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. మంగళవారమే కదా దాటారు, నాకు తెలుసు, అంది తనకి తనే. లేచి కుర్చీ మీది గుడ్డముక్కలు తీసి కూర్చోమని, వద్దంటున్నా వినకుండా టీ పెట్టింది.

టీ తాగుతుండగా ఒక్కో సంగతీ బయటికి వచ్చింది. అన్సార్ ఇంటికి రావడం మానేసి చాలా ఏళ్ళయింది. కోదాడలో ఇంకో సంసారం పెట్టుకున్నాడు. కొట్లాట ఏమీ కాలేదు. రావడం తగ్గింది, తర్వాత లేదు. పెద్దల్లో పెట్టమని తమ్ముళ్ళు పోరితే ఆమె ఒప్పుకోలేదు. తను ఫోను చెయ్యదు, అతను చెయ్యడు. మెసేజి మాత్రం వస్తుంది. మెసేజి మోగితే కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు కూడా ఆగాల్సిందేనట. అదిగో సాయిబు గారు పలికారు, అని సందులో ఆడవాళ్ళు ఏడిపిస్తారట.

"అప్పట్లో మెసేజి చూసి బియ్యం పెట్టేదాన్ని. ఇప్పుడు పెట్టనులెండి, కోదాడలో తినే వస్తారు," అంది. "దాటారంటే బతికున్నారని. చిల్లకల్లులో ఇటు తిరగలేదంటే అక్కడ బాగానే ఉన్నారని. అంతవరకు తెలిస్తే చాలదూ?"

చెప్పాల్సిన మాటలు ఉషశ్రీ బస్సులోనే సిద్ధం చేసుకుంది. ఇప్పుడు వాటిలో మెత్తటిదాన్ని ఏరుకుంది. సోమవారం నుంచి ఈ మెసేజిలు ఎవరికీ రావనీ, కంపెనీ ఈ ఏర్పాటే ఆపేస్తోందనీ, రాకపోతే కంగారు పడొద్దని చెప్పడానికే వచ్చాననీ అంది. అందులో అబద్ధం లేదు.

 మిగతావాళ్ళు ఊరుకుంటారా అని హఫీజున్నీసా అడిగింది.

"మిగతావాళ్ళు లేరండీ. అందరూ నంబర్లు తీసేయించుకున్నారు. మీరొక్కరే."

ఆ మాటకి ఆమె మొహం విచ్చుకుంది.

"చూశారా మరి," అంది హఫీజున్నీసా. "తీసేయించడానికి ఎంతసేపండీ, ఒక్క మాట చాలు. అందరూ తీసేయించుకున్నా ఆయన ఉంచారు. మా తమ్ముళ్ళతో ఇదే అంటా. మనిషి రాకపోయినా, దాటినప్పుడల్లా నాకో మాట చెప్పే పోతున్నారు, మీకేం తెలుసంటా." ఆమె మిషను బల్ల మీది ఫోను అందుకుంది. "ఉంచమని ఆయన అడిగితే మీ కంపెనీ కాదనదుగా? ఇన్నేళ్ళలో నేనై ఫోను చెయ్యలేదు. దీనికి చేస్తా."

"చెయ్యకండి," అంది ఉషశ్రీ.

ఆమె వేలు ఫోను మీద ఆగింది.

"తీసేయమన్నారండీ ఆయన. రెండేళ్ళయింది. ఆ మాట మా దగ్గర సరైనచోటికి అందలేదు. ఎవరూ చూసుకోలేదు. అందుకే వస్తున్నాయి."

బయట సందులో ఎవరో చీపుర్లమ్ముకుంటూ పోయారు. 

"అంటే ఈ రెండేళ్ళూ నాకు చెప్పింది ఆయన కాదు."

"కాదండీ."

"మీరు."

"నేను రాసిన ప్రోగ్రాము."

"నేనున్నట్టు మీకు తెలుసా?"

"మొన్న గురువారం దాకా తెలియదు."

హఫీజున్నీసా తల ఊపింది. ఏడవలేదు. ఫోను ఉషశ్రీ చేతికిచ్చి, ఇవన్నీ ఒక్కసారే తుడిచెయ్యడం ఎలాగో చూపించమంది. తెరిస్తే ఒకే వాక్యం, ఒకదాని కింద ఒకటి, ఎంత జరిపినా తరగకుండా. అది తను రాసిన వాక్యమే. అన్నీ ఎంచుకుని, ఇక్కడ నొక్కితే పోతాయని చూపించింది. హఫీజున్నీసా ఆ చోటు చూసి, నొక్కకుండానే ఫోను బల్ల మీద పెట్టేసింది. తర్వాత చేసుకుంటానంది.

వెళ్ళబోతూ ఉషశ్రీ గుమ్మంలో ఆగింది. ఎప్పుడైనా తెలుసుకోవాలనిపిస్తే తనకి ఫోను చెయ్యమని, తన కంప్యూటర్లో లారీ కనిపిస్తుందని, కంపెనీకి తెలియకుండా తను చూసి చెబుతానని అంది. అది చెయ్యకూడని పని. అయినా అంది.

"మీ నంబరు వద్దులెండి మేడమ్ గారూ," అంది హఫీజున్నీసా, చక్రం మీద చెయ్యి వేస్తూ. "దగ్గరుంటే చేస్తూనే ఉంటా."

తిరిగి వస్తుంటే బస్సులో చోటు దొరికింది. నిజం చెప్పకుండా వచ్చేసి ఉంటే ఆమె ఫోను చేసేది, అతను తీసేయమన్నానని మొహాన అనేవాడు. అంతకంటే ఇదే మేలని ఉషశ్రీ నందిగామ దాకా తనకి చెప్పుకుంటూనే వచ్చింది. దిగేసరికి కూడా ఆ మాట ఒంటపట్టలేదు.

సోమవారం పొద్దున పాత సంగతులన్నీ కొత్త ఏర్పాటులో వరసగా నడిచాయి. అన్సార్ మాట వంతు వచ్చినప్పుడు ఈసారి వినేవాళ్ళున్నారు. దాన్ని దాటవెయ్యమని ఒక్క ముక్క రాస్తే దాటిపోయేది, అడిగేవాళ్ళు కూడా లేరు. ఉషశ్రీ రాయలేదు.

"గరికపాడు సర్వీసుకి వినేవాళ్ళెవరైనా తేలారా మేడమ్?" అని నవీన్‌బాబు మీటింగులో అడిగాడు.

"ఒకావిడ ఉండేది. చెప్పి వచ్చా."

"వెళ్ళి చెప్పొచ్చారా?" అన్నాడు. "సరేనండీ. ఇప్పుడైతే ఎవరూ లేరుగా?"

"లేరు."

ఉషశ్రీ సర్వీసు మూసేసింది. నవీన్‌బాబు థాంక్స్ చెప్పి తర్వాతిదానికి వెళ్ళిపోయాడు.

బుధవారం మధ్యాహ్నం, కొత్త ఏర్పాటులో మ్యాపు సరిగ్గా పడుతోందో లేదో చూస్తుంటే, కోదాడ వైపు నుంచి వస్తున్న ఒక లారీ పక్కన అన్సార్ పేరు కనిపించింది. ఆమె దానికోసం వెతకలేదు. కళ్ళముందే అది చెక్‌పోస్టు దాటింది. ఆ సంగతి బిల్లుకి అందింది, యజమానికి అందింది. ఇంకెక్కడికీ పోలేదు.

హఫీజున్నీసా నంబరు రికార్డుల్లోంచి పోయింది కాని, ఉషశ్రీకి నోటికి వచ్చేసింది. ఫోను తీసి అంకెలు నొక్కింది. దాటారండీ అని ఒక్క మాట అంటే చాలు. ఆ ఇంట్లో ఇప్పుడు ఆ మాట కోసం చూస్తున్నారో, చూడకుండా ఉండటం నేర్చుకుంటున్నారో ఆమెకి తెలిసే దారి లేదు. వద్దంది కదా, అనుకుంది. అంకెలు ఒక్కొక్కటే చెరిపేసింది.

తల ఎత్తేసరికి లారీ చిల్లకల్లు దాటి తిన్నగా ఇటే వస్తోంది. ఇంకాసేపట్లో నందిగామ పక్కనుంచే పోతుంది. ఉషశ్రీ మ్యాపు మూసేసి, లారీ టైర్ల లెక్క చూసే సర్వీసు పని తెరిచింది.